ఒక గాజు పోగులో ఎన్ని రంగులు పడతాయి?

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ నెలకొల్పుతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్ గురించి అందరూ అప్పుడే మాట్లాడుకున్నారు. అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లు మన తీరానికి చేరే గేట్‌వే సంగతి కూడా అదే ప్రకటనలో ఉంది, కానీ అది కాస్త ఆలస్యంగా చర్చలోకి వచ్చింది. ఇన్నాళ్లూ దేశానికి వచ్చే విదేశీ కేబుళ్లలో చాలావరకు ముంబయిలోనో చెన్నైలోనో ఒడ్డెక్కేవి. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటున్నవాళ్లు కూడా టెరాబిట్ల లెక్కలు చెబుతున్నారు.

ఆ లెక్కలతో పాటు ఒక నమ్మకం కూడా ఊళ్లో తిరుగుతోంది. ఫైబర్ (కేబుల్లో ఉండే సన్నటి గాజు పోగు) అంటే కాంతి, కాంతికి హద్దేముంది, కావలసినంత డేటా పంపుకోవచ్చు అని. హద్దు ఉంది. కాకపోతే అది ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించడం కష్టం. లేజర్లో కొంత, ఫిల్టర్లో కొంత, ఆంప్లిఫయర్లో కొంత, గాజులోనే కొంత ఉంటుంది. ఏ ఒక్కటీ విడిగా చూస్తే లెక్కలోకి రానంత చిన్నది. వందల కిలోమీటర్ల పొడవునా అవి ఒకదానిమీద ఒకటి పేరుకున్నప్పుడే అసలు కథ మొదలవుతుంది.

ఒకే పోగులో ఎనభై ఎనిమిది స్టేషన్లు

విశాఖలో గాలి ఒక్కటే అయినా రేడియో తిప్పితే ఒక్కోచోట ఒక్కో ఎఫ్ఎం స్టేషన్ వినిపిస్తుంది. ప్రతి స్టేషన్‌కూ తనదైన పౌనఃపున్యం ఉంది కాబట్టి ఒకటి ఇంకొకదానికి అడ్డురాదు. గాజు పోగులో చేసేదీ ఇదే. వేర్వేరు తరంగదైర్ఘ్యాల లేజర్ కాంతులను ఒకే పోగులోకి కలిపి పంపుతారు, అవతలి కొసన మళ్లీ విడదీస్తారు. దీన్నే డబ్ల్యూడీఎం (వేవ్‌లెంగ్త్ డివిజన్ మల్టీప్లెక్సింగ్) అంటారు. వాడుకలో రంగులు అంటున్నాం గానీ ఈ కాంతి కంటికి కనిపించదు. 1,550 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతి ఇది.

అక్కడే ఎందుకంటే, గాజు కాంతిని అతి తక్కువగా మింగేది ఆ ప్రాంతంలోనే. 1,530 నుంచి 1,565 నానోమీటర్ల వరకు ఉన్న ఈ కిటికీని సి బ్యాండ్ అంటారు. పౌనఃపున్యంలో చెబితే దాని వెడల్పు సుమారు 4.4 టెరాహెర్ట్జ్. ఏ రంగు ఎక్కడ కూర్చోవాలో అంతర్జాతీయ టెలికాం సమాఖ్య నిర్ణయించింది. 193.1 టెరాహెర్ట్జ్ దగ్గర గుంజ పాతి, అక్కడి నుంచి అటూ ఇటూ 100 లేదా 50 గిగాహెర్ట్జ్ చొప్పున గళ్లు గీసుకుంటూ పోయింది. 50 గిగాహెర్ట్జ్ గళ్లయితే 4.4 టెరాహెర్ట్జ్‌లో 88 పడతాయి. ఒక్కో గడి వెడల్పు 0.4 నానోమీటరు. ఈ 0.4 అన్న అంకె గుర్తుండాలి, ముందు ముందు చాలాసార్లు దానితోనే పని.

డెసిబెల్: గుణకారాన్ని కూడికగా మార్చే కొలత

ఫైబర్ మనుషులు అన్నిటినీ డెసిబెల్‌లోనే కొలుస్తారు. 3 డెసిబెల్ నష్టమంటే కాంతి సగమైందని, 10 అంటే పదో వంతు మిగిలిందని, 20 అంటే నూరో వంతని అర్థం. వరసగా వచ్చే నష్టాలను గుణించుకుంటూ పోనక్కరలేదు, కూడితే చాలు. నేటి మంచి గాజు కిలోమీటరుకు 0.2 డెసిబెల్ పోగొడుతుంది. 80 కిలోమీటర్లకు 16 డెసిబెల్, అంటే బయలుదేరిన కాంతిలో నలభయ్యో వంతు మిగులుతుంది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రవేత్తలు కిలోమీటరుకు 20 డెసిబెల్ కంటే తక్కువ నష్టంతో పోగు తీసినప్పుడు అదే పెద్ద విజయం. ఆ గాజుతో ఒక్క కిలోమీటరులో పోయేంత కాంతి, ఇవాళ్టి గాజులో దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణానికి గానీ పోదు.

నాలుగు డిగ్రీల వేడికి పక్కింట్లోకి జారే లేజర్

డబ్ల్యూడీఎంలో వాడే లేజర్ చిప్ బియ్యపు గింజ కంటే చిన్నది. వేడెక్కితే దాని వక్రీభవన గుణకం మారుతుంది, దాంతో అది వెలిగే తరంగదైర్ఘ్యం కూడా జరుగుతుంది. డిగ్రీకి సుమారు 0.1 నానోమీటరు చొప్పున. గడి వెడల్పు 0.4 కాబట్టి లేజర్ నాలుగు డిగ్రీలు వేడెక్కితే చాలు, తన గడి వదిలి నేరుగా పక్క రంగు నెత్తిన కూర్చుంటుంది. మే నెలలో విశాఖలో తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ తేడా ఎంతో అందరికీ తెలుసు. ఇక ఏసీ ఆగిపోయిన గదిలో పరికరాల పెట్టె లోపల వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు.

అందుకే ప్రతి లేజర్ కింద ఒక చిన్న పెల్టియర్ పలక ఉంటుంది. కరెంటు ఒకవైపు పారితే అది చల్లబరుస్తుంది, రెండోవైపు పారితే వెచ్చబరుస్తుంది. డిగ్రీలో వందోవంతు తేడాను కూడా పసిగట్టే అమరిక పక్కనే ఉంటుంది. ఈ పలక తినే కరెంటు చాలాసార్లు లేజర్ తినేదానికంటే ఎక్కువ. ఇల్లు కట్టినదానికంటే కాపలాకు ఎక్కువ ఖర్చయినట్టు.

ఈ ఖర్చు వద్దనుకునేవారికి ఇంకో దారి ఉంది. ముతక డబ్ల్యూడీఎంలో గళ్ల మధ్య దూరం 20 నానోమీటర్లు. లేజర్ను దాని మానాన వదిలేసినా, 70 డిగ్రీల తేడాకు అది 7 నానోమీటర్లే జరుగుతుంది, తన గడి దాటి పోదు. చవకలో పని అయిపోతుంది. కానీ రంగులు పద్దెనిమిదికి మించవు, అందులో చాలావాటికి కాంతి బలం పెంచే ఎర్బియం ఆంప్లిఫయర్ (దాని సంగతి తర్వాత) పనికిరాదు. ఊళ్లో రెండు భవనాలను కలపడానికి ఇది చక్కని ఏర్పాటు, సముద్రం దాటడానికి మాత్రం చాలదు.

జల్లెడలు వరసగా పెడితే కన్ను ఇరుకవుతుంది

రంగులను విడదీసేవి ఫిల్టర్లు. మనకు కావలసిన ఫిల్టర్ పెట్టె ఆకారంలో ఉండాలి, గడి లోపల అంతా వదలాలి, గడి బయట ఏమీ వదలకూడదు. నిజంగా చేతికొచ్చే ఫిల్టర్ మాత్రం గంట ఆకారంలో ఉంటుంది. నడిమిలో బాగా వదిలి అంచులకు పోయేకొద్దీ తగ్గిస్తుంది.

ఒక్కదానితో ఇబ్బంది లేదు. అయితే పెద్ద నెట్‌వర్క్‌లో రంగు దారిపొడవునా కూడళ్లు దాటుతుంది. కొన్ని రంగులు విజయవాడలో దిగుతాయి, మిగిలినవి ముందుకు పోతాయి. అలాంటి ప్రతి కూడలిలోనూ ఒకటో రెండో ఫిల్టర్లు. గంట ఆకారపు ఫిల్టర్లు తొమ్మిది వరసగా పెడితే, కలిపి చూసినప్పుడు వాటి వెడల్పు మూడో వంతుకు పడిపోతుంది. 40 గిగాహెర్ట్జ్ వెడల్పున్న ఫిల్టర్ తొమ్మిదో కూడలి దాటేసరికి 13గా పనిచేస్తుంది. దాని అంచులను కాస్త నిటారుగా, పెట్టె ఆకారానికి దగ్గరగా తయారు చేయగలిగితే అదే తొమ్మిదింటి తర్వాత 27 నుంచి 28 గిగాహెర్ట్జ్ మిగులుతుంది. కాగితం మీద రెండూ 40 గిగాహెర్ట్జ్ ఫిల్టర్లే. నిటారు అంచులదానితో సంకేతం చేరుతుంది, గంట ఆకారందానితో అంచులు తెగి పాడవుతుంది.

దీనికి తోడు లీకేజీ. ఫిల్టర్ పక్క రంగును 25 డెసిబెల్ తగ్గిస్తుందంటే అందులో 316వ వంతు, అంటే 0.3 శాతం, ఇంకా లోపలికి వస్తోందని అర్థం. వచ్చింది వేరే రంగయితే అంతటితో సరి. కానీ విజయవాడలో దిగిపోయిన రంగు స్థానంలో అదే తరంగదైర్ఘ్యంతో కొత్త సంకేతం ఎక్కిందనుకోండి. పాతదాని మిగులు కొత్తదానితో కలిసి ప్రయాణిస్తుంది. రెండూ ఒకే పౌనఃపున్యం కాబట్టి ఇప్పుడు కలిసేవి శక్తులు కావు, తరంగాలు. వ్యతికరణం మొదలవుతుంది. శక్తిలో 316వ వంతంటే తరంగం ఎత్తులో సుమారు 18వ వంతు, అంటే 5.6 శాతం. దాంతో సంకేతం శక్తి 11 శాతం వరకు పైకీ కిందికీ ఊగుతుంది. లీకేజీ అదే 25 డెసిబెల్, అది చేసే నష్టం మాత్రం ముప్పయ్యైదు రెట్లకు పైగా. కూడళ్లలో పెట్టే స్విచ్‌లకు అంత కఠినమైన ప్రమాణాలు ఎందుకని కొత్తగా చేరిన ఇంజినీర్లు విసుక్కుంటారు. కారణం ఇదే.

బలం పెంచే యంత్రమే రొదనూ పెంచుతుంది

1987లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఇమాన్యుయెల్ దెసుర్వీర్ బృందం ఎర్బియం కలిపిన పోగుతో ఆంప్లిఫయర్ చేసి చూపాయి. 980 నానోమీటర్ల లేజర్‌తో ఎర్బియం పరమాణువులకు శక్తినిస్తే, 1,550 ప్రాంతపు కాంతి ఆ పోగులోంచి పోయేటప్పుడు వాటి దగ్గర్నుంచి ఆ శక్తిని తీసుకుని బలపడుతుంది. సి బ్యాండ్‌లోని రంగులన్నీ ఒకేసారి బలపడతాయి. డబ్ల్యూడీఎం గిట్టుబాటు అయిందంటే ఆ సౌలభ్యం వల్లనే.

అయితే ఎర్బియం పరమాణువులు సంకేతం కోసం ఎదురుచూస్తూ కూర్చోవు. కొన్ని తమంతట తామే కాంతిని వదిలేస్తాయి. ఆ కాంతి కూడా పోగులో పడి బలపడుతుంది, అదే రొద. ఇది తయారీ లోపం కాదు. కాంతిని బాగా పెంచే ఏ మామూలు ఆంప్లిఫయర్‌కైనా కనీసం 3 డెసిబెల్ రొద తప్పదని క్వాంటం సూత్రాలే చెబుతాయి. బజారులో దొరికేవాటికి 5 డెసిబెల్ దాకా ఉంటుంది. అంటే ఎంత గొప్ప కంపెనీ వచ్చినా ఇక ఇక్కడ గిల్లుకోగలిగింది 2 డెసిబెల్ మాత్రమే.

ఒక ఊహాలెక్క చేద్దాం. విశాఖ నుంచి చెన్నైకి సుమారు 800 కిలోమీటర్ల లైను, 80 కిలోమీటర్లకొక ఆంప్లిఫయర్ చొప్పున పది. ఒక్కో అంగకు (ఒక ఆంప్లిఫయర్ నుంచి తర్వాతి దాని దాకా ఉన్న ముక్కకు) గాజు నష్టం 16, జాయింట్లకూ కనెక్టర్లకూ మరో 4, మొత్తం 20 డెసిబెల్. ఒక్కో రంగుకు ఒక మిల్లీవాట్ శక్తి, అంటే ఇంజినీర్ల లెక్కలో సున్నా డీబీఎం (మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డెసిబెల్). సంకేతానికీ రొదకూ నిష్పత్తి కట్టే సూత్రం ఇలా ఉంటుంది: 58 అనే స్థిరాంకంతో మొదలుపెట్టి, రంగు శక్తిని కలిపి, ఆంప్లిఫయర్ రొద 5, అంగ నష్టం 20 తీసేసి, అంగల సంఖ్యను డెసిబెల్‌లోకి మార్చి అదీ తీసేయాలి. పది అంగలంటే 10 డెసిబెల్. మిగిలింది 23.

ఈ 23 చాలునా? ఒక్కో సంకేతంలో 2 బిట్లు మోసే 100 గిగాబిట్ల పద్ధతికి 13 డెసిబెల్ లోపే చాలు. 4 బిట్లు మోసే 200 గిగాబిట్ల పద్ధతికి దాదాపు 20 కావాలి. మిగులుబాటు 3 డెసిబెల్. వందకు రెండు బిట్లు తప్పుగా వచ్చినా సరిదిద్దుకునే గణితం ఇందులో ముందే కలిసి ఉంది, ఆ దన్ను లేకపోతే ఈ అంకెలు ఇంకా పైకి పోయేవి.

ఇదే లెక్క సముద్రంలో కడితే ఆశ్చర్యంగా ఉంటుంది. 6,000 కిలోమీటర్లు, 60 కిలోమీటర్లకొక ఆంప్లిఫయర్ చొప్పున వంద. ఇంకా శుభ్రమైన గాజు కాబట్టి ఒక్కో అంగకు నష్టం 10 డెసిబెల్. 58 నుంచి 5, 10, వంద అంగలకు 20 తీసేస్తే మిగిలింది మళ్లీ 23. ఏడున్నర రెట్లు దూరం, అయినా అదే నాణ్యత. అంగలో నష్టం డెసిబెల్ లెక్కలో సగమైతే వచ్చే లాభం అంత పెద్దది. దానికి చెల్లించే మూల్యం సముద్రం అడుగున పడి ఉండే వంద ఆంప్లిఫయర్లు, వాటికి ఒడ్డు నుంచి పంపవలసిన కరెంటు.

ఇంకో చిక్కు, ఆంప్లిఫయర్ అన్ని రంగులనూ సమానంగా పెంచదు. ఒక రంగుకూ మరో రంగుకూ అర డెసిబెల్ తేడా వస్తే, అదే వంపు పదింటిలోనూ ఉంటే, చివరికి తేడా 5 డెసిబెల్, అంటే మూడు రెట్లకు పైన. అందుకని ఎక్కువ పెరిగిన రంగులను కావాలని తగ్గించే ఫిల్టర్ పెడతారు. కష్టపడి పెంచిన కాంతిని పారబోయడమే అది, కానీ వేరే దారి లేదు.

వెలుగు పెంచితే సరిపోదా?

రొద ఉంటే గట్టిగా మాట్లాడాలి అన్నది సహజమైన ఆలోచన. ఒక మిల్లీవాట్ బదులు పది పంపితే నిష్పత్తి 10 డెసిబెల్ పెరగాలి. గాజు ఒప్పుకోదు. పోగులో కాంతి నడిచే దారి వెడల్పు పది మైక్రాన్ల లోపే. అంత ఇరుకులో మిల్లీవాట్ల కాంతి కూడా తీవ్రంగానే ఉంటుంది, ఆ తీవ్రతకు గాజు వక్రీభవన గుణకం కొంచెం మారుతుంది. మారిన గాజు తిరిగి కాంతిని మారుస్తుంది. ఒక రంగు వెలుగు హెచ్చుతగ్గులు పక్క రంగు దశను కదిలిస్తాయి. మూడు రంగులు కలిసి, ఎవరూ పంపని నాలుగో రంగును పుట్టిస్తాయి. మూడు రంగుల నుంచి ఇలా 9 కొత్త కలయికలు సాధ్యం. 80 రంగులకు లెక్క వేస్తే 2,52,800 వస్తుంది. గళ్లు సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి, పుట్టినవాటిలో చాలా భాగం నేరుగా ఇంకొకరి గడిలోనే పడతాయి.

ఈ రంగం చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చే మలుపు ఇక్కడే ఉంది. మామూలు పోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వేర్వేరు వేగాలతో పోతాయి, పల్స్ పరుచుకుపోతుంది. దీన్ని విక్షేపణం అంటారు. సెకనుకు 10 గిగాబిట్ల సంకేతం దీని వల్ల 60 కిలోమీటర్ల దగ్గరే చెదిరిపోయేది. అందుకని 1,550 దగ్గర విక్షేపణం సున్నా అయ్యేలా ప్రత్యేకమైన పోగు తయారు చేశారు, జపాన్‌లో దాన్ని పెద్దయెత్తున వేశారు. ఒక్క రంగుకు అది బ్రహ్మాండం. డబ్ల్యూడీఎం వచ్చాక అదే పోగు శాపమైంది. విక్షేపణం లేదు కాబట్టి రంగులన్నీ ఒకే వేగంతో, చేతులు పట్టుకుని నడిచినట్టు సాగుతాయి. కలిసి నడిచేవాళ్లు ఎక్కువసేపు మాట్లాడుకున్నట్టే, ఈ దొంగ రంగులు కూడా బాగా బలపడ్డాయి. ఆ తర్వాత కొంచెం విక్షేపణాన్ని కావాలని మిగిల్చిన పోగులు వచ్చాయి. నేడు రిసీవర్‌లోని చిప్ విక్షేపణాన్ని గణితంతో విప్పేస్తోంది కనుక, ఎప్పటిదో మామూలు పోగే మళ్లీ మేలనిపిస్తోంది.

మొత్తానికి శక్తి తక్కువైతే రొద ముంచుతుంది, ఎక్కువైతే గాజు చెడగొడుతుంది. నడుమ ఎక్కడో ఒక మేలైన బిందువు ఉంటుంది. ఎర్బియం రొదా, వెలుగు పెరిగితే గాజు మారిపోయే ఈ అరేఖీయ గొడవా కలిసి కట్టే పైకప్పు అది.

పోగులు పెంచాలా, రంగులు పెంచాలా?

1948లో గణితవేత్త క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక దారి మోయగల డేటా దాని వెడల్పుకు నేరుగా పెరుగుతుంది, శక్తికి మాత్రం లాగరిథమ్‌గా పెరుగుతుంది. సి బ్యాండ్ 4.4 టెరాహెర్ట్జ్, రెండు ధ్రువణాలు (కాంతి తరంగం ఊగే రెండు దిశలు), సంకేతం రొదకు నూరు రెట్లు అనుకుంటే సిద్ధాంతం ప్రకారం సెకనుకు సుమారు 58 టెరాబిట్లు. శక్తి రెట్టింపు చేస్తే 67. పెట్టింది రెట్టింపు, వచ్చింది 15 శాతం. అదే శక్తిని పెంచకుండా రెండు పోగులకు చెరి సగం పంచితే ఒక్కొక్కటి 50 టెరాబిట్ల చొప్పున మొత్తం 100.

సముద్రగర్భ కేబుళ్ల ఆలోచన మారింది ఈ లెక్కతోనే. సముద్రం కింది ఆంప్లిఫయర్లన్నీ ఒడ్డు నుంచి ఒకే తీగలో పోయే కరెంటు మీద బతుకుతాయి. తీగకు కిలోమీటరుకు ఒక ఓమ్ నిరోధం, ఒక ఆంపియర్ కరెంటు అనుకుంటే, 6,600 కిలోమీటర్లకు తీగలోనే 6,600 వోల్టులు ఖర్చయిపోతాయి. కరెంటే కరువైనచోట, ఉన్నదాన్ని ఎక్కువ పోగులకు పంచడమే లాభం. అట్లాంటిక్‌లో 2017లో పూర్తయిన మారియా కేబుల్‌కు 8 జతల పోగులు, మొదట ప్రకటించిన సామర్థ్యం 160 టెరాబిట్లు. 2021లో సిద్ధమైన గూగుల్ వారి డ్యునాంట్‌కు 12 జతలు, 250 టెరాబిట్లు. జతకు చూస్తే 20, 21. పెరిగింది జతల సంఖ్య, ఒక్కో జత సామర్థ్యం కాదు.

నేల మీద వాదన వేరు. పోగులు ఎప్పుడో పాతేశారు, కొత్తవి వేయాలంటే రోడ్డు తవ్వాలి, అనుమతులు కావాలి. అందుకని ఉన్న పోగులోనే 1,565 నుంచి 1,625 దాకా ఉన్న ఎల్ బ్యాండ్ కూడా వెలిగించాలని చాలామంది అంటారు. రంగులు రెట్టింపవుతాయి. ఎదుటివారి అభ్యంతరమూ తేలికైంది కాదు. ఎల్ బ్యాండ్‌కు వేరే ఆంప్లిఫయర్లు పెట్టాలి, పైగా రామన్ పరిక్షేపణం వల్ల పొట్టి తరంగాల శక్తి పొడుగు తరంగాలకు కారిపోతుంది. ఒక వైపు రంగులు వెలిగించినా ఆర్పినా రెండో వైపు బలం మారుతుంది. నా మటుకు, డక్టులో ఖాళీ పోగులు ఉన్నంతవరకు ఎల్ బ్యాండ్ జోలికి పోనక్కరలేదనే వాదనే బలంగా తోస్తుంది. ఖాళీ లేనిచోట మాత్రం ఆ వాదన నిలవదు.

ఇక్కడే పత్రికల్లో వచ్చే అంకెల సంగతి. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ కేబుల్ పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, చెన్నై–పోర్ట్‌బ్లెయిర్ మధ్య చెప్పిన వేగం రెండు సార్లు 200 గిగాబిట్లు. డ్యునాంట్ అంకెతో పోల్చి చూస్తే ఇది చిన్నగా కనిపిస్తుంది. అండమాన్ అంకె ఆ రోజు వెలిగించి చూపినది, డ్యునాంట్ అంకె ఎప్పటికైనా వెలిగించగలిగినది. రెండింటికీ ఒకే తూకపురాయి పనికిరాదు.

ఒడ్డెక్కాక రోడ్డు పక్కన

సముద్రం కింద గాజు ప్రశాంతంగా పడి ఉంటుంది. లంగర్లూ చేపల వలలూ తప్ప దాన్ని ముట్టుకునేవారు తక్కువ. విశాఖ ఒడ్డెక్కిన డేటా హైదరాబాదుకో చెన్నైకో పోవాలంటే రోడ్డు పక్కన పాతిన పోగులోనే పోవాలి. అక్కడ తాగునీటి పైపులకూ కరెంటు స్తంభాలకూ తవ్వుతూనే ఉంటారు. ఒకసారి ఫైబర్ తెగితే తెగినచోట కొత్త ముక్క వేస్తారు, రెండు జాయింట్లు మిగులుతాయి. ఒక అంగలో పదేళ్లలో ఇరవై సార్లు తెగిందనుకుందాం. నలభై జాయింట్లు, ఒక్కొక్కటి 0.1 చొప్పున 4 డెసిబెల్. అన్ని అంగలూ ఇలాగే ఉంటే పై లెక్కలో మిగిలిన 23 కాస్తా 19 అవుతుంది. 20 కావలసిన 200 గిగాబిట్ల పద్ధతి నిలవదు, చేసేది లేక ప్రతి రంగునూ 100కు దించాలి. ఒక్క లేజర్ పాడవలేదు, ఒక్క ఆంప్లిఫయర్ ఆగలేదు, సామర్థ్యం మాత్రం సగమైంది.

ఈ మధ్య మధురవాడ దాటాక హైవే పక్కన ఒక కుర్రాడు గొడుగు కింద కూర్చుని జాయింట్ వేస్తుంటే ఆగి చూశాను. జెల్లు తుడిచి, వెంట్రుకంత పోగును క్లీవర్‌లో పెట్టి నొక్కాడు. రెండు కొసలనూ మెషిన్‌లో ఎదురెదురుగా అమర్చి మూత వేయగానే తెర మీద అవి రెండు దుంగల్లా కనిపించాయి. చిన్న మెరుపు. తెర కింద అంకె పడింది: 0.11.

"పనికొస్తుంది కదా తమ్ముడూ, లైను నడుస్తుందిగా" అన్నాను.

"నడుస్తుంది సార్" అన్నాడు. అని ఆ జాయింట్‌ను తుంచేసి, పోగు మళ్లీ కోసి, సముద్రపు గాలి తగలకుండా మెషిన్‌కు అడ్డంగా ఒళ్లు వంచి, ఇంకోసారి మూత వేశాడు. ఈసారి 0.02.